నీళ్లు తక్కువైన ఊళ్లో ఎండాకాలం: ముందు సున్నమా, కూలరా, ఏసీయా?

వేసవికి ముందు ఇంటికి ఏం కొనాలన్న మాట వచ్చినప్పుడు మనం సాధారణంగా రెండు లెక్కలు వేసుకుంటాం. ఒకటి వస్తువు ధర, రెండోది కరెంటు బిల్లు. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లా పడమటి మండలాల వంటి చోట్ల మూడో లెక్క కూడా తప్పనిసరిగా వేసుకోవాలి. అది నీటి లెక్క. ఎండ మాడ్చే రోజులూ, బోరు ఆగి ఆగి పోసే రోజులూ అక్కడ ఒకటే. ఎండ నుంచి కాపాడుకోవడానికి మనం చేసే పనుల్లో చాలావాటికి నీళ్లు కావాలి: కూలరుకు పొద్దస్తమానం నీళ్లు పోయాలి, సాయంత్రం మిద్దె తడపాలి, మిద్దె మీది కుండీలకు రెండు పూటలా నీళ్లు పట్టాలి. బిందె నీటికి వెతుక్కునే ఇంట్లో ఇవన్నీ తాగే నీటితో పోటీ పడతాయి. అందుకే ఈ పోలికలో ప్రతి ఉపాయాన్నీ అది ఎంత చల్లబరుస్తుందన్న దానితో పాటు ఎన్ని నీళ్లు తాగుతుందన్న దానితో కూడా తూచాను. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లో మొదటి రూపాయి ఇంటి కప్పు మీద పెట్టాలి. యంత్రం సంగతి ఆ తరువాత చూడాలి.

మీ ఊరి వేడి ఏ రకమైనదో తెలుసుకోకుండా ఏ ఎంపికా సరిగా కుదరదు. తెలుగు నేలలో వేసవి రెండు రకాలుగా ఉంటుంది. రాయలసీమలోనూ, తెలంగాణలో చాలా భాగంలోనూ గాలి పొడిగా ఉంటుంది. అక్కడ 42 డిగ్రీల మధ్యాహ్నం గాలిలో తేమ 20 శాతానికి అటూ ఇటూగా ఉండటం మామూలు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వైపు ఉష్ణోగ్రత కొంత తక్కువగా కనిపించినా తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు. భారత వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలు దాటాక, తీర ప్రాంతంలో 37 డిగ్రీలు దాటాక వడగాలుల సంగతి పరిశీలించడానికి కారణం ఇదే. అంకె తక్కువగా ఉంది కదా అని తీరంలో ఉండేవారు ధీమాగా ఉండరాదు. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ మృతులలో కోస్తా జిల్లాల వారు కూడా ఉన్నారు.

కప్పు సంగతి

మా తాతల కాలం నాటి మట్టి మిద్దెలో మే నెల మధ్యాహ్నం నేల మీద పడుకున్నవాడికి విసనకర్ర చాలేది. దూలాల మీద కట్టెలు పరిచి, వాటి మీద మందంగా మట్టి వేసి, పైన చవుడు కప్పిన ఆ మిద్దెలో ఎండ వేడి లోపలికి దిగేసరికి పొద్దు వాలిపోయేది. ఇప్పటి స్లాబు నాలుగైదు అంగుళాల మందమే. మధ్యాహ్నం అది పీల్చుకున్న వేడి సాయంత్రానికి కిందికి దిగి, రాత్రి పొద్దుపోయేదాకా గదిలోకి వస్తూనే ఉంటుంది. బయట చల్లబడ్డాక కూడా లోపల ఫ్యాను వేడిగాలే విసురుతోందని మనం అనుకునేది ఈ కారణం చేతనే. పై అంతస్తులో ఉండేవారికి ఇంట్లోకి చేరే వేడిలో పెద్ద భాగం కప్పు గుండానే వస్తుంది. కింది అంతస్తులో ఉండేవారికి ఈ భాగం అంతగా వర్తించదు. వారికి పడమటి గోడ, పడమటి కిటికీలే అసలు శత్రువులు.

పాతబడి నల్లబడిన సిమెంటు కప్పు తన మీద పడిన ఎండలో మూడింట రెండు వంతులకు పైగా పీల్చుకుంటుంది. తెల్లని పూత కొత్తగా ఉన్నప్పుడు దాదాపు అంతే భాగాన్ని తిరిగి ఆకాశంలోకి పంపేస్తుంది. దీనివల్ల కింది గదిలో ఉష్ణోగ్రత 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గుతుంది. రెండు డిగ్రీలేనా అని తీసిపారేయకండి. పగలూ రాత్రీ, కరెంటు ఉన్నా లేకున్నా, చుక్క నీరు అడగకుండా పనిచేసే రెండు డిగ్రీలవి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించి, ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు కూడా ఇలాంటి కప్పును తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లకు అది ఐచ్ఛికం. నన్నడిగితే అసలు అవసరం చిన్న ఇళ్లకే ఎక్కువ, ఎందుకంటే పెద్ద భవనాలకు ఏసీలు ఉంటాయి, రెండు గదుల స్లాబు ఇంటికి ఉండవు.

తెల్లదనం కోసం మూడు దారులు ఉన్నాయి. అన్నింటికంటే చవక సున్నం. సున్నాన్ని ముందురోజే నానబెట్టి, గుడ్డలో వడగట్టి, అందులో జిగురు కలిపి, శుభ్రంగా ఊడ్చి కడిగిన కప్పు మీద సాయంత్రం పూట రెండు మూడు పూతలు వేయాలి. సున్నం ఉడికేటప్పుడు చిట్లి కంట్లో పడితే చూపుకే ప్రమాదం కాబట్టి పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు, వేసేవారు కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. ఈ పూత ఒక వానాకాలం గడిచేసరికి చాలావరకు పోతుంది, అంటే ఏటా వేయించుకోవాలి. రెండో దారి కూల్ రూఫ్ పెయింటు. సున్నం కంటే ఎన్నో రెట్లు ఖరీదైనా కొన్నేళ్లు నిలుస్తుంది, కొన్ని రకాలు స్లాబు నెర్రెలను కూడా మూస్తాయి. అయితే దుమ్ము పేరుకుంటే దాని గుణం తగ్గిపోతుంది కాబట్టి ఏటా వేసవికి ముందు ఒకసారి కడగక తప్పదు. మూడోది తెల్ల టైల్సు పరిపించడం, లేదా విరిగిన తెల్ల టైలు ముక్కలను సిమెంటులో అమర్చడం. సొంత ఇల్లు, పైన మరో అంతస్తు వేసే ఆలోచన లేనివారికి ఇది అన్నింటికంటే మన్నికైన పని. కొన్నేళ్లలో పైన కట్టుకోవాలనుకునేవారికి మాత్రం దండుగ ఖర్చు. అద్దెకుండేవారు సున్నం దగ్గరే ఆగడం మంచిది. యజమాని అనుమతి అడిగినప్పుడు ఆయన కాదనడానికి పెద్దగా కారణం ఉండదు, ఖర్చు అద్దెదారు పెట్టుకున్నా ఒక్క వేసవిలోనే గిట్టుబాటవుతుంది.

పందిరి, షేడ్ నెట్ కూడా కప్పు మీదికి ఎండ రాకుండా ఆపేవే. కప్పుకు కొంత ఎత్తులో, మధ్యలో గాలి ఆడేలా నెట్ కడితే సున్నంతో సమానమైన మేలు చేస్తుంది. అయితే ఏప్రిల్, మే నెలల్లో ఒక్కసారిగా వచ్చే ఈదురుగాలికి సరిగా కట్టని నెట్టు చిరిగి కరెంటు తీగల మీద పడే ప్రమాదం ఉంది. తాటాకు పందిరి, కొబ్బరాకు పందిరి కింది చల్లదనం ఎంత ప్రాణానికి హాయిగా ఉన్నా, ఎండి గలగలలాడే ఆకుకు నిప్పు అంటుకుంటే ఆపడం కష్టం. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండే వీధుల్లో, వంటగది పొగగొట్టానికి చేరువలో దాన్ని నేను సిఫారసు చేయలేను.

ఇక మిద్దె తడపడం. సాయంత్రం పైపుతో కప్పును తడిపితే ఆ రాత్రి హాయిగా ఉంటుందన్నది నిజమే. లెక్క చూద్దాం. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క మిల్లీమీటరు మందాన నీళ్లు నిలిస్తే 93 లీటర్లు. పైపుతో తడిపేవారు అంతకు రెండు మూడు రెట్లు పోస్తారు. గ్రామీణ ప్రాంతాల్లో ఇంటింటికీ కొళాయి ఇచ్చే జల జీవన్ మిషన్ ఒక మనిషికి రోజుకు నిర్ణయించిన నీళ్లు 55 లీటర్లు. అంటే ఒక సాయంత్రం మిద్దె తడపడానికి నలుగురు మనుషుల రోజువారీ నీళ్లు కూడా పోవచ్చు. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే ఇంట్లో ఇది చేయకూడని పని. తప్పనిసరి అనుకుంటే, బట్టలు జాడించిన నీళ్లతో గోనెసంచులు తడిపి పడకగది పైభాగం వరకే పరిస్తే, సంచి నీటిని పట్టి ఉంచి నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి అంతకంటే చాలా తక్కువ నీటితోనే ఆ గదికి మేలు దక్కుతుంది.

రేకుల ఇళ్లవారి కష్టం వేరు. రేకు పలుచన కాబట్టి పదిగంటలకే లోపల కొలిమిలా అవుతుంది, పొద్దుగూకాక మాత్రం తొందరగా చల్లబడుతుంది. రేకుకు పైన తెల్ల పూత, కింద కొంత ఖాళీ వదిలి చాపలతోనో జిప్సం పలకలతోనో సీలింగు, ఆ ఖాళీలోని వేడిగాలి బయటికి పోవడానికి రెండు చివర్లా కన్నాలు: ఈ మూడూ కలిస్తేనే ఫలితం. థర్మాకోల్ షీట్లు చవకగా వస్తాయి గాని చాలా త్వరగా అంటుకుని విషపు పొగ వదులుతాయి; కట్టెల పొయ్యి గాని, దీపం గాని వాడే ఇంట్లో వాటిని పెట్టకండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని బ్రష్షుతో గీకడం, డ్రిల్లు వేయడం వల్ల లేచే నుసి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి గీకకుండానే పూత వేయించాలి.

గోడలూ కిటికీల విషయంలో చెప్పవలసింది ఒక్కటే. ఎండను అద్దానికి బయటే ఆపాలి. లోపల ఎంత మందం పరదా వేసినా అద్దం దాటి వచ్చిన వేడి గదిలోనే ఉండిపోతుంది. బయట కట్టిన వెదురు తడక, గోనెపట్టా, సజ్జకు వేలాడదీసిన పాత చీర కూడా దానికంటే మేలు. ఉదయం తొమ్మిదికి తలుపులు కిటికీలు మూసి, బయటి గాలి లోపలి గాలి కంటే చల్లబడ్డాక తెరవడం అన్న పాత అలవాటు పొడి ప్రాంతాల్లో ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది. తీరంలో అలా రోజంతా మూసుకుంటే ఉక్కతో ప్రాణం పోతుంది. అక్కడ నీడపట్టున గాలి ఆడనివ్వడమే మేలు.

కూలరు, ఏసీ, ఫ్యాను

కూలరు పనితనం అంతా ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు గాలిలో ఎంత ఉష్ణోగ్రత చూపిస్తుందో, కూలరు గాలి అంతకంటే కిందికి దిగలేదు. 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న కర్నూలు మధ్యాహ్నంలో ఆ హద్దు సుమారు 24 డిగ్రీలు. మంచి ప్యాడ్లున్న కూలరు ఆ దూరంలో ఐదింట నాలుగు వంతులు దిగగలదు కాబట్టి 28 డిగ్రీల గాలి వస్తుంది. ఏసీ పక్కన పెట్టినా తీసిపోని గాలి అది. అదే 37 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న కాకినాడ మధ్యాహ్నంలో హద్దే 30 డిగ్రీలు. వచ్చే గాలి 31 దాటి ఉంటుంది, పైగా నీటి ఆవిరితో నిండి ఉంటుంది. వంటినిండా జిడ్డుగా ఉందని తీరంలోని వారు కూలరును తిట్టుకోవడం అన్యాయం కాదు. రాయలసీమ చుట్టం చెప్పాడని విశాఖలో కూలరు కొనకండి, విశాఖ చుట్టం వద్దన్నాడని కడపలో మానుకోకండి.

పొడి ప్రాంతంలో కూలరు ఇంత బాగా పనిచేయడానికి మూలం నీరే. ఆ మధ్యాహ్నపు గాలిని చల్లబరచడానికి ఇంటి కూలరు గంటకు 5 నుంచి 10 లీటర్ల నీటిని ఆవిరి చేస్తుంది. పెద్ద ఫ్యానున్న ఇనుప కూలరు ఇంకా ఎక్కువే తాగుతుంది. రోజుకు పది గంటలు నడిపితే 50 నుంచి 100 లీటర్లు. ఇంకో మాటలో చెప్పాలంటే, ఆ ఇంట్లో ఒకరిద్దరు మనుషులు అదనంగా ఉన్నట్టే. కొళాయి రోజు విడిచి రోజైనా నమ్మకంగా వచ్చే ఇంటికి ఇది భారం కాదు. వారానికి ఒక ట్యాంకరుతో నెట్టుకొచ్చే ఇంటికి మాత్రం ఇది చాలా పెద్ద లెక్క, కూలరు కొనేవారిలో ఎక్కువమంది దీన్ని వేసుకోరు. దుకాణంలో ట్యాంకు ఎన్ని లీటర్లని అడుగుతారు గాని, ఆ ట్యాంకును రోజుకు ఎన్నిసార్లు నింపాలని అడగరు.

కూలరుకే మొగ్గితే మూడు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, అది కిటికీ దగ్గర ఉండి బయటి గాలినే పీల్చాలి, గదికి ఎదురువైపు మరో కిటికీ గాని తలుపు గాని తెరిచి ఉండాలి. తలుపులన్నీ మూసి గది మధ్యలో పెట్టి నడిపితే గంటలో గది ఆవిరి గిన్నెలా తయారై కూలరు పనిచేయడం లేదనిపిస్తుంది. రెండోది, మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. నీరు ఆవిరై ఉప్పు మిగిలి ప్యాడ్ల మీద తెల్లని గట్టి పొర కడుతుంది. గడ్డి ప్యాడ్లు చవక, ఏటా మార్చేయవచ్చు. తేనెపట్టులా ఉండే హనీకోంబ్ ప్యాడ్లు ఎక్కువ చల్లబరుస్తాయి, ఎక్కువ కాలం ఉంటాయి, కానీ ఉప్పు నీటికి వాటి ఆయుష్షు కూడా సగమవుతుంది. మూడోది, నిలవ నీటిలో డెంగీ దోమ గుడ్డు నుంచి దోమయ్యేదాకా వారం పది రోజులే పడుతుంది. కాబట్టి వారానికి ఒకసారి ట్యాంకును పూర్తిగా వంచి, రుద్ది, ఆరబెట్టాలి. వంచిన నీటిని మరుగుదొడ్డికి వాడుకోవచ్చు.

ఏసీకి నీళ్లు అక్కర లేదు, కానీ కరెంటు కావాలి. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీకి గంటకు సగటున ఒక యూనిట్ వేసుకుంటే, రాత్రి ఎనిమిది గంటల చొప్పున నెలకు 240 యూనిట్లు. కూలరు 200 వాట్లది రోజుకు పన్నెండు గంటలు నడిచినా నెలకు 72 యూనిట్లే. మన రాష్ట్రాల్లో యూనిట్లు పెరిగే కొద్దీ స్లాబు మారి యూనిట్ ధర కూడా పెరుగుతుంది కాబట్టి బిల్లులో తేడా ఈ అంకెల తేడా కంటే ఎక్కువే ఉంటుంది. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా ఉండాలని ఇంధన సామర్థ్య సంస్థ నియమం పెట్టింది. ఆ సంస్థ లెక్క ప్రకారం ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా. 27లో పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే చాలామందికి సుఖంగా నిద్ర పడుతుంది. ఏసీ నుంచి కారే నీరు తీర ప్రాంతంలో గంటకు లీటరుకు తగ్గకుండా రావచ్చు, దాన్ని బకెట్టులో పట్టి ఇల్లు తుడవడానికి, మొక్కలకు వాడుకోవచ్చు. పొడి ప్రాంతంలో మాత్రం ఆ నీరు చాలా కొద్దిగా వస్తుంది, దాన్ని నమ్ముకుని లెక్క వేయకండి.

ఖర్చు దృష్ట్యా నేను ఏసీని చివరగా చెబుతాను గాని, కొన్ని ఇళ్లలో అది మొదటే రావాలి. డెబ్బై దాటిన పెద్దలు, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, మంచాన పడినవారు, నెలల పసికందు ఉన్న ఇంట్లో ఒక్క గదికైనా, చిన్నదైనా, ఏసీ ఉండటం విలాసం కాదు. పెద్దవారికి దాహం సరిగా తెలియదు, బీపీ మాత్రల్లో కొన్ని వంట్లోని నీటిని మూత్రంగా తోడేస్తాయి, రాత్రి కూడా గది చల్లబడకపోతే శరీరం తేరుకోదు. అప్పు చేసైనా కొనమని చెప్పలేను. కానీ పెళ్లి ఫర్నిచరుకో టీవీకో పెట్టే డబ్బు ఉంటే దాన్ని ముందు ఇటు మళ్లించమని గట్టిగా చెబుతాను. కప్పుకు సున్నం వేయించిన గదిలో అదే ఏసీ తక్కువ సేపు నడుస్తుందని మరచిపోవద్దు. సొంత మిద్దె ఉన్నవారు 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో సోలార్ పలకలు పెట్టుకుంటే మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ వస్తుంది, పలకలు కప్పుకు నీడ కూడా ఇస్తాయి.

ఫ్యాను గురించి ఒక హెచ్చరిక అవసరం. గాలి మన చర్మం కంటే వేడిగా ఉన్నప్పుడు ఫ్యాను ఆ వేడిని మన మీదికే విసురుతుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే ఫ్యాను మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అలాంటి మధ్యాహ్నం తడి తువ్వాలు వంటి మీద కప్పుకుని ఫ్యాను కింద కూర్చోవడానికి అర బకెట్టు నీళ్లు చాలు, కూలరు తాగే నీటితో పోలిస్తే అది లెక్కలోకే రాదు. కొత్త ఫ్యాను కొనేవారు బీఎల్‌డీసీ రకం తీసుకోవాలి. మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకునే చోట అది 30 వాట్లతో తిరుగుతుంది, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ మీద రెండింతల సేపు నడుస్తుంది. ఎవరైనా ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే, స్పృహ తప్పుతుంటే అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. నీళ్లు ఎంత కరువైనా ఆ గడియలో చూసుకోకూడదు.

నీళ్లు ఎక్కడి నుంచి

బోరు ఎండగానే ఇంకా లోతుకు వేద్దామన్న ఆలోచన వస్తుంది. తెలంగాణ, రాయలసీమ నేల చాలా చోట్ల గట్టి రాయి. రాతిలో నీరు పగుళ్లలోనే ఉంటుంది, లోతుకు పోయే కొద్దీ ఆ పగుళ్లు తగ్గిపోతాయి. 600 అడుగుల్లో పడని నీరు 1,000 అడుగుల్లో పడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. పడినా, నల్గొండ, అనంతపురం, ప్రకాశం జిల్లాల్లో చాలా చోట్ల లోతైన నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉంటుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడని ఫ్లోరైడు కాచినా పోదు. నీరు, నేల, చెట్ల పరిరక్షణ కోసం వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద కొత్త బోరుకు ముందుగా అనుమతి కూడా తీసుకోవాలి. ఇన్ని చూశాక, అప్పు చేసి రెండో బోరు వేయడం నా దృష్టిలో అన్నింటికంటే చివరి దారి. విఫలమైన బోరు నోటిని మూత బిగించి పూడ్చకుండా వదిలేయడం మాత్రం పసిపిల్లల ప్రాణాలతో చెలగాటం.

ట్యాంకరు అవసరానికి ఆదుకుంటుంది, అలవాటైతే ఇంటి బడ్జెట్‌ను తినేస్తుంది. 5,000 లీటర్ల ట్యాంకరును ఒక్క ఇల్లే తెప్పించుకునే బదులు సంపు ఉన్న ఇంట్లో దింపించుకుని రెండు మూడు కుటుంబాలు పంచుకోవడం నయం. ఆ నీరు ఎక్కడ నింపారో తెలియనప్పుడు వాడకానికే ఉంచి, తాగే నీరు వేరుగా చూసుకోవాలి. తాగే నీటికి ఆర్‌ఓ యంత్రం పెట్టేవారు ఒక విషయం గమనించాలి. ఇళ్లలో వాడే ఆర్‌ఓ ఒక లీటరు మంచినీరు ఇవ్వడానికి సుమారు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. ఫ్లోరైడు ఉన్న బోరు నీటికి అది అవసరమే. కృష్ణా, గోదావరి నీళ్లు కొళాయిలో వచ్చే ఇంట్లో, నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే ఉంటే, వడపోత, యూవీ దీపం ఉన్న యంత్రం చాలు. ఆర్‌ఓ వదిలిన నీటిని డ్రమ్ములో పట్టి గచ్చు కడగడానికి, మరుగుదొడ్డికి వాడాలి. మొక్కలకు రోజూ పోస్తే మట్టి ఉప్పెక్కుతుంది.

వాన నీటి గురించి మాట్లాడితే మా ఊళ్లో వానలెక్కడివని చాలామంది నవ్వుతారు. ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా వాన తక్కువైన అనంతపురంలో కూడా ఏటా సుమారు 550 మిల్లీమీటర్లు కురుస్తుంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద పడే ఆ వానలో ఐదోవంతు పోయిందనుకున్నా 40 వేల లీటర్లు చేతికొస్తాయి. దాన్నంతా నిలవ చేయడానికి తగిన ట్యాంకు ఎవరి ఇంట్లోనూ ఉండదు కాబట్టి రెండు భాగాలుగా ఆలోచించాలి. ఒక మనిషికి తాగడానికి, వంటకు కలిపి రోజుకు 5 లీటర్లనుకుంటే, నలుగురి కుటుంబానికి అక్టోబరు చివరి నుంచి మళ్లీ తొలకరి దాకా 240 రోజులకు కావలసింది 4,800 లీటర్లు. అంటే 5,000 లీటర్ల మూత ఉన్న, వెలుతురు చొరబడని ట్యాంకు ఒక్కటి ఉంటే ఫ్లోరైడు లేని తాగునీరు వేసవంతా ఇంట్లోనే ఉంటుంది. మిగిలిన నీటిని బోరు పక్కన తవ్విన ఇంకుడు గుంతలోకి మళ్లించాలి. అడుగున పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, పైన ముతక ఇసుక వేసిన ఆ గుంత వల్ల ఎండిన బోరు ఒక్క ఏడాదిలో పొంగుతుందని చెప్పను. కానీ మీ మిద్దె వాన వీధి కాలువలోకి పోవడానికి బదులు నేలలోకి దిగుతుంది. మొదటి వానలు కప్పును కడిగే నీళ్లు కాబట్టి వాటిని బయటికే వదలాలి, ట్యాంకు నోటికి దోమతెర కట్టాలి, తాగే ముందు కాచుకోవాలి. కప్పుకు రసాయనాల పెయింటు వేసే ముందు, ఆ కప్పు మీది నీరు తాగడానికి పనికివస్తుందో లేదో డబ్బా మీద చూసుకోండి. అనుమానం ఉంటే సున్నం దగ్గరే ఆగండి.

ఎవరికి ఏది

పై అంతస్తులో రెండు గదుల పోర్షనులో అద్దెకుండి, చేతిలో పదిహేను వేలకు మించని జంట ఉంటే, నేను చెప్పేది సున్నం, ఒక బీఎల్‌డీసీ ఫ్యాను, పడమటి కిటికీకి బయట తడక. కొళాయి క్రమంగా వస్తుంటే మిగిలిన డబ్బుతో చిన్న కూలరు. కొళాయి రాని వీధి అయితే కూలరు మానుకుని ఆ డబ్బు దాచుకుని, వచ్చే ఏడాది సెకండ్ హ్యాండుది కాకుండా మంచి స్టార్ రేటింగు ఉన్న కొత్త ఏసీ వైపు వెళ్లడమే నయం. తీర ప్రాంతంలో ఉండేవారికి కూలరు మాట అసలు వద్దు. సున్నం, ఫ్యాను, ఎదురెదురు కిటికీలు, శక్తి ఉంటే ఒక గదికి ఏసీ. పల్లెలో పొద్దంతా కరెంటు నిలకడగా లేని చోట ఏసీ కొని ప్రయోజనం లేదు; ఇన్వర్టర్ మీద నడిచే కూలరో ఫ్యానో, మిద్దెకు తెల్లదనం, వేపచెట్టు నీడ ఇవే అక్కడ పనికివస్తాయి. పెద్దలు, రోగులు ఉన్న ఇంటికి పై మాటలేవీ అడ్డు రాకూడదు. అక్కడ ఏసీ, దానికి తోడు సున్నం, రెండూ ఒకే ఏడాది కావాలి.

పనులకు వేళ కూడా ఉంది. సున్నం ఉగాదికి ముందే, అకాల వర్షాలు మొదలుకాకముందే వేయించుకుంటే పూత గట్టిగా పట్టుకుంటుంది. కూలరు ప్యాడ్లు మార్చి 15లోపు కొంటే ధరా తక్కువ, దొరకడమూ తేలిక. వానాకాలపు పనిని వేసవిలోనే చేసుకోవాలి కాబట్టి ఇంకుడు గుంత, వాన నీటి గొట్టాలు, ట్యాంకు శుభ్రం ఇవన్నీ రోహిణి కార్తెలోనే ముగించండి. మృగశిర వచ్చి తొలకరి పడ్డాక తవ్వితే గుంత అంచులు జారి, ఇసుక పోయాల్సిన చోట బురద నిండి, ఆ ఏటి వాన కళ్లముందే వీధిలోకి పోతుంది.